దీపం ఎక్కడ పెట్టావు?

ఇల్లు,
ఆగస్టు 18

వసపిట్టకు అక్క దీవెనలు.

నీ సంచిలో అడుగున, తువ్వాలులో చుట్టి చిన్న ఇత్తడి దీపం పెట్టాను. ఒత్తులు, నూనె సీసా పక్కనే ఉన్నాయి. సీసా మూతకు మైనం పూశాను, కారదు. ఇదంతా బస్సు దగ్గర చెబుదామనుకున్నాను. నువ్వు మాట్లాడుతూ ఉన్నావు. బస్సు వెళ్ళిపోయింది.

రోజూ సాయంత్రం వెలిగించు. బల్ల మీద కాదు, గూట్లో కాదు. నేల మీద. మీరు పడుకునే చోటికి దగ్గరగా. అది వెలుగుతున్నంతసేపు కూర్చుని దేవుణ్ణి తలుచుకో. ఎందుకని అడగకు.

మరిది నడుముకు రెండు నెలలు విశ్రాంతి కావాలని డాక్టరు అన్నాడు. మీ ఇద్దరి మధ్య ఏదో ఉందని నేనంటున్నాను. ఆ లోయలో అది కూడా నయమైతే మంచిదే.

బైండింగ్ షాపులో బడి పుస్తకాల పని మొదలైంది. చేతులకు ఎప్పుడూ జిగురే. కాగితం మీద మరకలుంటే ఏమీ అనుకోకు.

చేరగానే రాయి.

అక్క


లోయ,
ఆగస్టు 29

అక్కకు,

క్షేమంగా చేరాం. బస్సు దగ్గర నీకు సందివ్వలేదని సున్నితంగానే దెప్పావు. ఏం చెయ్యను? నా నోట్లో నువ్వుగింజ నానదనే కదా ఈ పేరు పెట్టావు!

అక్కా, ఈ చోటు నువ్వు చూడాలి. రెండు కొండల మధ్య పొడుగ్గా లోయ. రెండు వాలుల మీదా ద్రాక్ష వరసలు, ఎవరో ఓపిగ్గా కూర్చుని దువ్వెనతో పాయలు తీసినట్టు. అడుగున సన్నటి ఏరు. తెల్లవారేసరికి మంచు లోయలోకి దిగి, గిన్నెలో పోసిన పాలలా నిలబడిపోతుంది. గట్టు మీద ఉన్నవాళ్ళకి ఎండ, అడుగున ఉన్నవాళ్ళకి తెల్లటి చీకటి. పది దాకా కదలదు. నేను రోజూ గట్టెక్కి చూస్తాను. మీ మరిది నడుం పట్టుకుని కిందే ఉంటాడు.

తోట యజమానురాలు పొడుగాటి మనిషి. మొలకి ఇరవై తాళం చెవులుంటాయి, నడిస్తే గుర్రబ్బండి వచ్చినట్టు చప్పుడు. మేం తాళాలావిడ అంటున్నాం. మాకిచ్చిన గది ఇదివరకు పీపాలు పెట్టుకునే కొట్టట. పోయిన చలికాలం సున్నం వేయించి, ఒకే ఒక మంచం వేయించి అతిథుల గది చేసింది. మేమే మొదటి అతిథులం. ఏడు మెట్లు దిగాలి. నడినెత్తి మీద ఎండ ఉన్నా గదిలో చల్లగా ఉంటుంది. గోడ అవతలే రసం పులియబెట్టే తొట్ల గది. ఒక మూల నేల పల్లంగా ఉంటుంది, అక్కడ నీళ్ళు పోవడానికి అవతలి గదిలోంచి ఇవతలికి ఒక తూము. కిటికీ ఒకటే, పైకప్పు దగ్గర. కందిరీగలు వస్తాయి, తెరవొద్దంది.

"ఈ గదిలో ఎలుకల బాధ ఉండదమ్మా, కోతలయ్యేసరికి మందు పెట్టకుండానే ఒక్కటీ మిగలదు" అని గొప్పగా చెప్పింది. నాకు అదే పదివేలు.

కోతలు ఇంకో వారంలో మొదలట. అప్పుడు లోయలో అందరూ బుట్టలు కట్టుకోవాల్సిందే, ఆఖరికి పోస్ట్‌మాన్ కూడా. "ఉత్తరాలు కాస్త అటూ ఇటూ అవుతాయి, ద్రాక్ష ఆగదు కదా" అన్నాడు ఆ మహానుభావుడు. ఫోను తీగలు వానకి తెగి ఉన్నాయి. వాటినీ కోతలయ్యాకే చూస్తారట, అందాకా తంతి కూడా కొండ కింది పట్నం నుంచి బస్సులోనే రావాలట. ఇక్కడ పుట్టడం, చావడం కూడా కోతలయ్యాకే అనుకుంటా!

దీపం వెలిగిస్తున్నాను తల్లీ, నేల మీదే. అందరి దేవుడూ పైన ఉంటే నీ దేవుడొక్కడూ కింద ఉంటాడేమిటి?

నీ వసపిట్ట


ఇల్లు,
సెప్టెంబరు 4

వసపిట్టకు,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

గది నాకు నచ్చలేదు. కారణం చెప్పలేను. కిటికీ తెరువు. కందిరీగ కుడితే ఉల్లిపాయ రుద్దుకోవచ్చు.

ఉన్నది ఒకటే మంచమని రాశావు. మరిది ఎక్కడ పడుకుంటున్నాడు?

దీపం సరిగ్గా ఎక్కడ పెడుతున్నావో రాయి.

అక్క


లోయ,
సెప్టెంబరు 12

అక్కకు,

నీ ఉత్తరాలు తంతి వార్తల్లా ఉంటాయి. మాటకింత అని ఎవరైనా లెక్కగడుతున్నారా ఏమిటి?

కోతలు మొదలయ్యాయి. అక్కా, లోయంతా రసం వాసన. పొద్దున్నుంచీ ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు, నడుముకి బుట్టలు. ఆడవాళ్ళు వరసల మధ్య ఒకరినొకరు వెక్కిరించుకుంటూ కోస్తారు. నన్నూ రెండు రోజులు పిలిచారు. "కుట్టుపని చేసే వేళ్ళు కదా, గుత్తి తెంపితే కొమ్మకి నొప్పి తెలియదు" అన్నారు. తాళాలావిడ ఊరుకుంటుందా, రసం వడకట్టే గుడ్డలు తెచ్చి ఒళ్ళో పడేసింది, అంచులు కుట్టమని. అతిథిగా వచ్చి కూలీనయ్యాను.

గోడ అవతల తొట్లు నిండాయి. రసం పొంగుతున్న చప్పుడు పగలంతా వినిపిస్తుంది. చాలా పెద్ద కుండలో చాలా సన్నటి మంట మీద ఏదో ఉడుకుతున్నట్టు. మొదట భయమేసింది, ఇప్పుడు అది వినకపోతే తోచదు.

మంచి మాట ఒకటి చెప్పనా? మీ మరిది నిద్రపోతున్నాడు! ఏప్రిల్ నుంచి కన్ను మూత పడని మనిషి, ఈ వారం రోజులుగా ఒళ్ళు తెలియకుండా పడుకుంటున్నాడు. లేపితే గానీ లేవడు. లేచాక తల పట్టుకుని కాసేపు కూర్చుంటాడు. "గ్లాసు ముట్టకుండానే తలనొప్పి వచ్చిందేమిటో" అంటాడు. నాతో కాదు, తోటలోని పిల్లితో.

ఇక దాచడం దేనికి? మేం మాట్లాడుకోవడం లేదు. నాలుగు నెలలైంది. ఏప్రిల్‌లో ఆయన నడిపే బస్సు చేలోకి దూసుకెళ్ళిందని, టైరు పేలిందని చెప్పాడు కదా. టైరు పేలలేదు. స్టీరింగు మీద నిద్రపోయాడు. ఇరవై ఆరుమంది ఉన్నారు అక్కా లోపల. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ నిజం మే నెలలో నాకు పక్కింటావిడ చెప్పాలా? అప్పట్నుంచి నేను గోడతో మాట్లాడతాను. ఆయన ఇంటి దగ్గర మా పిల్లితో, ఇక్కడ ఈ పిల్లితో మాట్లాడతాడు. గోడకీ పిల్లికీ పడదు.

నడుముకి గట్టి నేల మంచిదని కింద పక్క వేసుకుంటున్నాడు. అదీ ఒక కారణమే.

పిల్లంటే గుర్తొచ్చింది, ఇక్కడి పిల్లి విచిత్రమైనది. ఆయన వెనకాలే తిరిగేది కాస్తా ఇప్పుడు నాలుగో మెట్టు దాకా వచ్చి ఆగిపోతోంది. పాలు చూపించినా దిగదు. ఎలుకలు లేని గదిలో తనకేం పనిలే అనుకుందేమో.

దీపం వెలుగుతూనే ఉంది. నిశ్చింతగా ఉండు.

వసపిట్ట


ఇల్లు,
సెప్టెంబరు 17

వసపిట్టకు,

నీ కోపం న్యాయమైనది. అయినా నాలుగు నెలలు చాలు. నీతో నిజం చెప్పలేకపోయాడంటే నీకు భయపడ్డాడు. భయపడ్డవాడు దూరపువాడు కాదు. పైకి రమ్మను. మంచం ఇరుకైతే ఇరుకు.

మనిషి లేపితే గానీ లేవకపోవడం మంచి నిద్ర కాదు. పిల్లి ఎందుకు దిగడం లేదో కనుక్కో.

దీపం వెలుగుతూనే ఉందన్నావు. ఎక్కడ అని అడిగాను. చెప్పలేదు. దీపం ఎక్కడ పెట్టావు?

ఈ వారం పని మీద మనసు నిలవడం లేదు. దబ్బనం వేలిలో దిగింది. పెద్ద దెబ్బ కాదు. ప్రార్థన చేస్తున్నాను.

అక్క


లోయ,
సెప్టెంబరు 25

అక్కకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు ఆలస్యంగా అందింది, అదీ ద్రాక్షరసం మరకలతో. పోస్ట్‌మాన్ సంచీని వరస చివర గుంజకి తగిలించి కోతకి పోతాడు. సాయంత్రం గుర్తుంటే పంచుతాడు, లేకపోతే మర్నాడు.

అక్కా, నామీద కోప్పడకు. నీకు చెప్పలేదు గానీ దీపం నేల మీద నిలవడం లేదు. తూము మూల గాలి తగలదు కదా అని అక్కడ పెట్టేదాన్ని. కోతలు మొదలైన మూడో రోజు నుంచి, పెట్టిన పావుగంటకే చిన్నబోయి ఆరిపోయేది. గాలి లేదు, నూనె నిండుగా ఉంది, ఒత్తి కొత్తది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ అంతే. ఎవరో పక్కన కూర్చుని మెల్లిగా ఊదినట్టు. దీపం ఆరిందంటే నువ్వు అపశకునం అనుకుంటావని, పూట పూటా నీకు కంగారెందుకని, ఎత్తి కిటికీ గూట్లో పెట్టాను. అక్కడ దివ్యంగా వెలుగుతోంది. వెలుగుతోందని రాశాను. అబద్ధం కాదు కదా!

కాదు, అబద్ధమే. అది రాస్తుంటే మా ఆయనకీ నాకూ తేడా ఏమిటా అనిపించింది.

ఇక్కడ తొట్ల గది చూసుకునే ముసలాయన ఒకడున్నాడు, పీపాల తాత. రేకు డబ్బాలో కొవ్వొత్తి ముక్క పెట్టి, దాన్ని మోకాలి దగ్గర వేలాడేసుకుని ఆ గదిలోకి వెళ్ళేవాడు. గదిలో పట్టపగల్లా వెలిగే కరెంటు బల్బులున్నాయి! ఎందుకు తాతా అంటే, "తోడుకమ్మా. ఇది నాకంటే ముందు పోవాలి, అంతే" అని నవ్వాడు. ముసలివాళ్ళ మాటలు. పాపం, పోయిన వారం నిచ్చెన మీంచి పడి కాలు విరిగి ఇంటికి పోయాడు. ఇప్పుడు ఆ గదిలోకి ఎవరూ కొవ్వొత్తి పట్టుకెళ్ళడం లేదు.

మీ మరిది మంచం మీదికి రాలేదు. నేను పిలవలేదు. నోటి దాకా వచ్చింది, పెదవి దాటలేదు. ఈ పెద్ద నోరు సమయానికి పనికిరాదు చూడు. ఆయనకి తలనొప్పి ఎక్కువైంది. మెట్లెక్కితే ఆయాసం. ముప్ఫై ఏళ్ళు కూర్చుని నడిపిన ఒళ్ళు కదా అంటున్నాడు, పిల్లితో. అది నాలుగో మెట్టు మీంచే వింటుంది.

ఇవాళ్టి నుంచి దీపం నేల మీదే పెడతాను. తూము దగ్గర కాదు, ఆయన పక్క దగ్గర. ఆరితే ఆరనీ.

వసపిట్ట


తంతి
సెప్టెంబరు 30

గది వెంటనే ఖాళీ చెయ్యండి. మరిదిని నేల మీద పడుకోనివ్వకు. తలుపు, కిటికీ తెరువు. ఉత్తరం వస్తోంది. అక్క.


ఇల్లు,
సెప్టెంబరు 30

వసపిట్టకు,

పొద్దున నీ ఉత్తరం అందింది. చదివి తిన్నగా తంతి ఆఫీసుకు వెళ్ళాను. తర్వాత షాపుకు వెళ్ళి, కుట్టడానికి వచ్చిన సైన్సు పుస్తకాల్లో ఒకటి తీసి చూశాను. నేననుకున్నదే రాసి ఉంది.

ద్రాక్షరసం పొంగేటప్పుడు దానిలోంచి ఒక బరువైన గాలి వస్తుంది. రంగు లేదు. కంటికి కనపడదు. మీ లోయలో మంచులాగే పల్లానికి దిగి నిలబడుతుంది. తూములోంచి మీ గదిలోకి వస్తోంది. అందులో దీపం నిలవదు. మనిషీ నిలవడు. మంచమెత్తున నీకు ఏమీ తెలియదు. నేల మీద మరిది ఉన్నాడు.

ఇది నాకెలా తెలుసో చెప్పాలి. నీకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు, తెలియకుండానే పోయింది.

నాన్న బావుల్లో పూడిక తీసేవాడు. జారి పడి పోయాడనే నీకు అందరూ చెప్పారు. జారలేదు. నీకు రెండేళ్ళు, నాకు పదకొండు. బడి లేని రోజు నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. దిగే ముందు తాడు కట్టిన లాంతరును అడుగు దాకా దించి చూడాలి. ఆ పని నాది. దీపం వెలిగితే దిగుతాడు. ఆరితే ఆ రోజు దిగడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

అంతకుముందు రెండుసార్లు నా చేతిలో లాంతరు గాలికి ఆరింది. "దీపం నిలబెట్టలేని పిల్ల" అని అందరి ముందూ నవ్వాడు. ప్రేమగానే నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు లాంతరు అడుగుకు చేరగానే ఆరిపోయింది. పైకి లాగాను. నాన్న అవతలి వైపు నడుముకు మోకు కట్టుకుంటున్నాడు, చూడలేదు. మళ్ళీ వెలిగించాను. ఈసారి అడుగు దాకా దించలేదు. సగంలో ఆపాను. బాగా వెలిగింది. "వెలుగుతోంది నాన్నా" అన్నాను.

ఆయన దిగాడు. రెండు మాటలు మాట్లాడాడు. మూడో మాటకు పలకలేదు.

నేను చేసింది అంతే. దీపాన్ని కాస్త పైన ఆపాను. నువ్వు కిటికీ గూట్లో పెట్టినట్టే.

నలభై మూడేళ్ళుగా నేను నేల మీద దీపం పెట్టి కూర్చుంటున్నది భక్తి అని మీరందరూ అనుకుంటున్నారు. అది కూడా ఉంది. కారణం చెప్పి ఉంటే ఆ దీపం ఆరిన మొదటి రోజే నువ్వు నాకు రాసేదానివి. చెప్పలేదు. తప్పు నాది.

ఈ ఉత్తరం చదివేసరికి మీరు ఆ గదిలో ఉండకూడదు. ఉంటే, చదవడం ఆపి లే.

అక్క


కొండ కింది పట్నం, ఆసుపత్రి,
అక్టోబరు 6

అక్కా,

ఆయన బతికి ఉన్నాడు. ముందు అది చదువు.

నీ తంతి నాకు రెండో తారీకు సాయంత్రం అందింది. ఎలా అందిందో చెబుతాను.

ఆ రోజు లోయలో పెద్ద కోత. తొట్లన్నీ నింపేశారు, చాలక పీపాలు కూడా పెట్టారు. చప్పుడుకి గోడ అదురుతోంది. ఆయన భోజనం చేసి నడుం వాలుస్తానని దిగాడు. నేను పైన పందిట్లో గుడ్డలు కుడుతూ ఉండిపోయాను. ఆరింటికి దీపం పెడదామని దిగాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పోనీలే, నిద్రపోతున్నాడు అనుకున్నాను. దీపం వెలిగించి ఆయన తల పక్కన పెట్టబోయాను. నా చెయ్యి నేలకి ఇంకా జానెడు ఎత్తున ఉంది. ఆరిపోయింది.

అగ్గిపుల్ల గీశాను. పుల్ల కిందికి దించగానే అదీ పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అక్కా, నువ్వు దేన్నీ రెండోసారి అడగవు. చిన్నప్పుడు జ్వరమొస్తే మందు వేసుకున్నావా అని కూడా ఒక్కసారే అడిగేదానివి. అలాంటి మనిషివి, దీపం ఎక్కడ అని ఉత్తరం తర్వాత ఉత్తరంలో అడిగావు. ఎందుకో నాకు తెలియదు. పుల్ల పారేసి ఆయన భుజం పట్టుకున్నాను.

"ఏమండీ" అన్నాను. దాదాపు ఐదు నెలల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట. పలకలేదు. చంకల కింద చేతులు వేసి లాగాను. ఆ నడుం ఏమవుతుందోనని కూడా చూడలేదు. మూడు మెట్లు లాగేసరికి నా కళ్ళు చీకట్లు కమ్మాయి. అరిచాను. లోయ చివరి దాకా వినిపించిందట, ఈ నోరు అప్పటికి పనికొచ్చింది. వీపున బుట్టతో పోస్ట్‌మాన్ పరిగెత్తుకొచ్చి పైనుంచి అందుకున్నాడు. గడ్డి మీద పడుకోబెట్టి, చొక్కా చింపి, గుండె మీద నొక్కాం. చాలాసేపటికి దగ్గాడు. పిల్లి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది.

అప్పుడు పోస్ట్‌మాన్ చేతులు తుడుచుకుని, "మీకొక తంతి ఉందమ్మా, మొన్నటి నుంచి" అని గుంజకి తగిలించిన సంచీలోంచి తీసి ఇచ్చాడు. అందినట్టు సంతకం కూడా పెట్టించుకున్నాడు.

నీ ఉత్తరం నిన్న ఇక్కడికి తెచ్చిచ్చాడు. ఆయన మంచం పక్కన కూర్చుని చదివాను. నాన్న గురించి నేనేమీ అనను. పదకొండేళ్ళ పిల్లవి అక్కా. నా ముందుంటే ఎత్తుకునేదాన్ని. ఆ పిల్ల ఇన్నాళ్ళూ ఒక్కతే ఆ నూతి ఒడ్డున నిలబడిందా?

ఆయనకి మాట తడబడుతోంది. ఎడమ చెయ్యి వణుకుతోంది. ఎంతవరకు నయమవుతుందో డాక్టరు చెప్పలేనంటున్నాడు. నిన్న చాలాసేపు నన్నే చూసి, ముక్కలు ముక్కలుగా "నువ్వు, నన్ను, పిలిచావు" అన్నాడు. అవునన్నాను. ఇక గోడకి సెలవు.

అసలు భయం ఇప్పుడు రాస్తున్నాను. తాళాలావిడ డాక్టరుతో మా ఆయన తప్పతాగి పడిపోయాడని చెప్పింది. ఆయన చుక్క ముట్టడని నేను ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఠాణాలో రాసుకున్నారు, కోతలయ్యాక వచ్చి చూస్తారట. మొన్న ఒక్కపూట లోయకి పోయి పీపాల తాత ఇంటికి వెళ్ళాను. "కోతల రోజుల్లో ఆ కొట్టులో మేం కుక్కను కూడా కట్టేవాళ్ళం కాదమ్మా" అన్నాడు. ఆ మాట వచ్చి ఆవిడకి చెప్పమంటే, కాలు చూపించాడు. "వైద్యం ఆవిడే చేయిస్తోంది. నా నోటికీ తాళముంది, చెవి ఆవిడ మొలకే ఉంది" అన్నాడు.

పదిహేనో తారీకు ఆ గదిలోకి కొత్తవాళ్ళు వస్తున్నారు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. పిల్లలకి కింద పరుపు వేయిస్తానని ఆ రోజే గేటు దగ్గర నా ఎదురుగానే పనిమనిషికి చెప్పింది. తొట్లు ఇంకా నెల్లాళ్ళు పొంగుతాయి.

వాళ్ళెవరో, ఏ ఊరినుంచో తెలియదు. ఉత్తరం రాద్దామంటే చిరునామా ఆవిడ ఇవ్వదు. ఈయన్ని వదిలి నేను మళ్ళీ లోయకి వెళ్ళలేను, వెళ్ళినా ఆవిడ గేటు తీయదు. దీపం ఆ గదిలోనే ఉండిపోయింది, ఆయన పక్క దగ్గర.

ఏం చెయ్యను అక్కా?

వసపిట్ట


ఇల్లు,
అక్టోబరు 11

వసపిట్టకు,

ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతాను. అయినా రాస్తున్నాను. రాయకుండా దాచుకున్న మాటలు ఇంతటితో చాలు.

ఇందాక షాపులో సెలవు చెప్పాను. ఎన్నాళ్ళని యజమాని అడిగాడు. తెలియదన్నాను. సైన్సు పుస్తకం ఒకటి అడిగి తీసుకున్నాను, ఆ పేజీలో దారం పెట్టాను. వినేవాళ్ళకు చదివి వినిపించడానికి.

మధ్యాహ్నం రైలు. పదమూడుకల్లా ఆసుపత్రికి వస్తాను. మరిదిని చూసి, పద్నాలుగు పొద్దున మంచు విడిచాక లోయకు వెళతాను. అతనికి వార్డు ఆయాను తోడుంచు, నువ్వు నాతో రా. గేటు తీయకపోతే గేటు దగ్గరే కూర్చుంటాను. నాకు కూర్చోవడం అలవాటే. కొత్తవాళ్ళు ఆ గేటు దాటే కదా రావాలి.

ఆవిడతో నేను తగవు పడను. ఒకటే అడుగుతాను, తన గదిలో, తన కళ్ళ ముందు, నేల మీద ఒక దీపం పెట్టనివ్వమని. ఆమెకూ పిల్లలుంటారు.

నాన్న పోయిన తర్వాత సాయంత్రం ఈ ఇంట్లో దీపం లేకుండా తలుపు వేయడం ఇదే మొదటిసారి. దేవుడు ఏమీ అనుకోడు.

ఒక్క మాట జాగ్రత్తగా చదువు. మెట్లు నేను దిగుతాను. నువ్వు పిల్లి ఆగిన మెట్టు దాటి రావద్దు. నా నడుముకు మోకు కడతాను, కొస నీ చేతిలో ఉంటుంది. దీపం వైపే చూస్తూ ఉండు, నా వైపు కాదు. అది ఆరగానే లాగు. నేను వద్దన్నా లాగు.

మళ్ళీ మాత్రం వెలిగించకు.

అక్క